షెడ్యూల్లో మనుషులు, డబ్బులు ఎందుకబ్బా?

ఈమధ్య కొందరు సైట్ ఇంజనీర్లకి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. ప్రాజెక్ట్ షెడ్యూల్లో ప్రతి పని పక్కనా ఎంతమంది కావాలి, ఎంత ఖర్చవుతుంది అని కూడా రాస్తా ఉండారు. తారీఖులు వేసి, బార్లకి రంగులు కొట్టి, పెద్ద పేపర్ మీద ప్రింట్ తీసి గోడకి అంటిస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది, అందులోకి మేస్త్రీని, రూపాయిని లాక్కొచ్చి పాడు చెయ్యడం ఏం న్యాయం?

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక మూడంతస్తుల బిల్డింగ్ అనుకోండి. కింద ప్లాస్టరింగ్, పైన గోడలు, బయట కాంపౌండ్ వాల్, మూడూ సోమవారమే మొదలు. ఒకదానికోసం ఇంకోటి ఆగాల్సిన పన్లేదు కాబట్టి షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ కూడా సరే అంటుంది. కాకపోతే మూడింటికీ ఉండేది ఒకటే బేల్దారి గ్యాంగు. రిసోర్స్ కాలమ్ నింపినారంటే ఒకే గ్యాంగుని మూడు చోట్ల పెట్టినావని ఎర్ర మనిషి బొమ్మ చూపించి, లెవెలింగ్ చెయ్, అంటే రెండు పనులు వెనక్కి జరుపు అని గోల పెడుతుంది, ఓనర్‌కి బీపీ పెరగడం తప్ప లాభమేంది? నింపకపోతే అంతా ప్రశాంతం. మేస్త్రీకి ఫోన్ చేస్తే "దార్లో ఉండా సార్, పది నిమిషాలు" అంటాడు, వెనకాల ఇంకెవరిదో సైట్లో మిక్సర్ తిరిగే చప్పుడు వినపడితే వినపడనీ.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో మనం ఏమీ మార్చకపోతే వచ్చే క్యాలెండర్ సోమవారం నుంచి శుక్రవారం దాకానే. మన కూలీకి శనివారం కూడా సెలవిచ్చిన పుణ్యాత్మురాలు అదొక్కటే, గంగమ్మ జాతరకి మాత్రం ఇవ్వలేదు. మనోళ్లు దాన్ని సరిగ్గా తిరగేసి పాటిస్తారు.

అసలు 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కోసం క్రిటికల్ పాత్ పద్ధతి (ఏ పనులు లేటయితే మొత్తం ప్రాజెక్టే లేటవుతుందో పట్టుకునే లెక్క) తయారుచేసినప్పుడే, ఒక పనిని తొందర పెడితే ఎంత ఖర్చు పెరుగుతుంది అన్న లెక్క అందులో పెట్టినారు. మనం ఆ ఖర్చు ముక్క తీసేసి తొందర మాత్రం ఉంచుకున్నాం, అదీ అభివృద్ధి అంటే.

పని లేటయితే మందు కూడా మన దగ్గరే ఉంది, మనుషుల్ని డబుల్ చెయ్యడం. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబ్ కింద ఊతంగా నిలబెట్టిన పోట్లు మామూలు సిమెంట్ అయినా 14 రోజులు తియ్యగూడదని కాంక్రీట్ పనులకి మన దేశంలో ఉండే రూల్స్ పుస్తకం ఐఎస్ 456 చెప్తుంది. ఓనర్ ఏమో ఇంకో 20 మందిని పంపిస్తా, వారంలో తీసెయ్యండి అంటాడు. పాపం, ఆ 20 మంది వచ్చినారని కాంక్రీట్‌కి ఎవురూ చెప్పలేదు.

ఇంత చెప్పినా, ఖర్చు కాలమ్‌ని శ్రద్ధగా నింపే మహానుభావులు లేకపోలేదు, వాళ్లు కాంట్రాక్టర్లు. పునాది తవ్వడం, సామాన్లు దించడం దగ్గర బరువైన రేటు, ప్లాస్టరింగ్, పెయింటింగ్ దగ్గర చిల్లర. మొత్తం కలిపితే టెండర్ మొత్తానికి పైసా తేడా రాదు కాబట్టి అడిగేవాళ్లు ఉండరు. ఖర్చు గీత ఎస్ అక్షరంలా మెల్లగా లేచి, మధ్యలో పరిగెత్తి, చివర్లో నెమ్మదించాలంట, ఈయన గీత మాత్రం గుంత తవ్వంగానే నిటారుగా లేచి అక్కడే నిలబడిపోతుంది. బిల్లు పాసయ్యాక ఆయనా కనపడడు. పెయింటింగ్ పద్దులో మిగిలిన డబ్బుకి బ్రష్షులైతే వస్తాయంట, గోడలు ఎవరైనా కట్టిస్తే వేసేస్తారు.