గ్రెగ్ శాండర్స్ ల్యాబ్‌లోనే ఉండాల్సింది

లాస్ వెగాస్ నేపథ్యంలో ఫోరెన్సిక్ నిపుణుల కథ చెప్పిన అమెరికన్ టీవీ సిరీస్ ‘సీఎస్ఐ’ (2000-2015) ప్రస్తావన వస్తే అందరం గ్రిస్సమ్ దగ్గరే ఆగిపోతాం. శవం మీది పురుగుల్ని చూసి చావు ఎప్పుడో చెప్పే ఆ పాత్ర గొప్పదే. కానీ ఆ సిరీస్ దేనికి విలువిచ్చిందో తెలియాలంటే గ్రెగ్ శాండర్స్‌ను చూడాలి. మొదట డీఎన్ఏ ల్యాబ్ టెక్నీషియన్, ఐదో సీజన్ నుంచి ఘటనాస్థలికెళ్లి ఆధారాలు సేకరించే ఫీల్డ్ మనిషి. దాన్ని ఎదుగుదలగా చూపించడమే సిరీస్ చేసిన పెద్ద తప్పు.

అతను వదిలొచ్చిన పని చిన్నదేం కాదు. మరక నుంచి డీఎన్ఏ తీయాలి, ఎంతుందో కొలవాలి, డీఎన్ఏను కాపీలు తీసే పీసీఆర్ ప్రక్రియలో 30 సైకిళ్ల దాకా నడిపి పెంచాలి, ఆ ముక్కల్ని పొడవును బట్టి వేరుచేయాలి. మరక జీన్స్ ప్యాంటు మీదుంటే ఆ నీలిరంగే పీసీఆర్‌కు అడ్డుపడుతుంది. దాన్ని తొలగించి మళ్లీ మొదలుపెట్టాలి. డీఎన్ఏ మరీ తక్కువుంటే ప్రొఫైల్‌లో కొన్ని భాగాలు అసలు కనిపించవు. ఇద్దరి రక్తం కలిసిందా, అనుభవం లేనివాడు తప్పు మనిషిని పట్టించేస్తాడు. ఇంత నేర్చినవాణ్ని బయటికి పంపాక ఆ కుర్చీలోకి మియా వచ్చి వెళ్లింది, తర్వాత వెండీ వచ్చింది. వేలిముద్రల మ్యాండీ, తుపాకుల బాబీ డాసన్, ట్రేస్ (దారాలు, ధూళి లాంటి సూక్ష్మ ఆధారాలు) చూసే హాడ్జెస్ ఎన్నేళ్లున్నా పక్కపాత్రలే.

ఇంకో ప్రమాదం ఉంది. సిరీస్‌లో ఫీల్డ్ మనుషులైన నిక్, సారా ఆధారాలు సేకరిస్తారు, పరీక్షిస్తారు, అనుమానితుణ్ని ప్రశ్నించేదీ వాళ్లే. ఫలానావాడే చేశాడని మనసులో పడ్డాక మైక్రోస్కోపులోనూ అదే కనిపిస్తుంది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తర్వాత ఒకరు ఒరెగాన్ లాయర్ బ్రాండన్ మేఫీల్డ్ వేలిముద్రే, దొరికిన ముద్రతో సరిపోయిందన్నారు. ఆయన జైలుకెళ్లాడు. ఆ ముద్ర మరొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు.

నలభై నిమిషాల కథలో పదిమంది నిపుణుల్ని ప్రేక్షకుడు గుర్తుపెట్టుకోలేడు, అందుకే పనులన్నీ నలుగురికి అప్పగించారంటారు. నిజమే. కానీ శవపరీక్ష గది దాటకుండానే డాక్టర్ రాబిన్స్ పాత్ర ఎంత బలంగా నిలిచిందో చూశాం కదా!

ఈ ‘ఫీల్డ్ మోజు’ మన చట్టంలోకీ వచ్చింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్షపడే కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువిచ్చారు. మంచిదే. రక్తం అంటిన తడి చీరను పాలిథిన్ కవర్లో కట్టేస్తే బూజు, బ్యాక్టీరియా డీఎన్ఏను తినేస్తాయి. నీడన ఆరబెట్టి, ఒక్కో బట్టనూ విడిగా కాగితం కవర్లో పెట్టి సీల్ వేసే మనిషి అక్కడుండాల్సిందే. అయితే ఆ కవర్లు చేరేది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్లకే. వాటిని విప్పే చేతులెన్ని ఉండాలో ఆ సెక్షన్‌లో లేదు. సేకరణ పెరిగితే బెంచి మీద కుప్ప పెరుగుతుంది. రిపోర్టు రాక విచారణ సాగుతుంది.

తెలుగు రాష్ట్రాలు మొబైల్ వ్యాన్లకు డబ్బు కేటాయించేటప్పుడే సైంటిఫిక్ ఆఫీసర్, అసిస్టెంట్ పోస్టులు మంజూరు చేయాలి. బెంచి వదలకుండానే పదోన్నతి, జీతం పెరిగే దారి ఉండాలి. శాంపిల్‌తోపాటు నిందితుడి కథ ల్యాబ్‌కు చేరకుండా, పరీక్షకు అవసరమైన వివరాలే పంపే పద్ధతినీ ఇప్పుడే పెట్టాలి.