కెట్టరింగ్: శిఖరానికి మొక్కి చాపెల్‌ను మరిచారు

చారిత్రక ప్రార్థనా మందిరాల మరమ్మతులపై పడే 20 శాతం వ్యాట్‌ను తిరిగి చెల్లించే పథకానికి బ్రిటన్ ప్రభుత్వం 2025లో కోత పెట్టి, ఒక్కో భవనానికి ఏడాదికి 25 వేల పౌండ్లకు మించి ఇవ్వబోమని తేల్చింది. డబ్బు తగ్గినప్పుడు ముందు దేన్ని కాపాడాలన్న ప్రశ్న తప్పదు. నార్తాంప్టన్‌షైర్‌లోని కెట్టరింగ్ అనే సంతపట్టణాన్ని ముందు పెట్టుకుని చూస్తే, మధ్యయుగపు శిఖరాలనే ముందు కాపాడాలని ఈ ప్రశ్నకు అలవాటుగా వచ్చే జవాబు తప్పని నా అభిప్రాయం.

1227 నుంచి సంత హక్కు ఉన్న ఆ ఊరి మీద సెయింట్ పీటర్ అండ్ సెయింట్ పాల్ చర్చి శిఖరం సుమారు 180 అడుగుల ఎత్తున నిలిచి ఉంటుంది. పదిహేనో శతాబ్దపు ఆ రాతిపనిని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఊరి అసలు కథ ఆ శిఖరం నీడలోంచి బయటికి నడిచినవారిది. ప్రభుత్వం ఆమోదించిన ప్రార్థనా గ్రంథానికి తలొగ్గాలన్న 1662 నాటి చట్టాన్ని ఒప్పుకోనందుకు జాన్ మెయిడ్‌వెల్ ఇదే చర్చిలో గురువు పదవి పోగొట్టుకున్నాడు. ఆయన వెంట నడిచినవారి సంఘమే 1723లో సొంత చాపెల్, అంటే ప్రభుత్వ చర్చి నుంచి విడిపోయినవారి ప్రార్థనా మందిరం, కట్టుకుంది. తండ్రీకొడుకులిద్దరు వరుసగా అక్కడ బోధకులుగా పనిచేయడంతో వారి ఇంటిపేరు మీదే అది టోలర్ చాపెల్ అయింది. అదే గోల్డ్ స్ట్రీట్‌లో బాప్టిస్టుల ఫుల్లర్ చర్చి కూడా ఉంది. ఇప్పటి భవనం 1860ల నాటిదే కానీ, అది ఎవరి పేరు మోస్తున్నదో ఆ ఆండ్రూ ఫుల్లర్ 1782లోనే ఈ ఊరికి బోధకుడిగా వచ్చాడు.

ఆ బోధకుడి ముక్కుపొడుం డబ్బీ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1792 అక్టోబరు 2న లోయర్ స్ట్రీట్‌లో వాలిస్ అనే వితంతువు ఇంటి వెనక గదిలో కొద్దిమంది బోధకులు కూడి బాప్టిస్ట్ మిషనరీ సొసైటీని స్థాపించారు. తలా ఎంత ఇవ్వగలరో చీటీల మీద రాసి ఫుల్లర్ పొడుం డబ్బీలో వేస్తే, లెక్క 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలకు వచ్చింది. వారిలో విలియం కేరీ చెప్పులు కుట్టిన చేతులతోనే బోధకుడైనవాడు. ఆ పనిమీద వారానికి ఎంత మిగులుతుందని అడిగి, ఇక తోలు పక్కన పెట్టి చదువుకొమ్మని వారానికి పది షిల్లింగులు ఇచ్చినవాడు కెట్టరింగ్‌లోనే బూట్ల వ్యాపారం చేసిన థామస్ గాచ్. జమైకాలో బానిసత్వం మీద పోరాడి, 1832లో పార్లమెంటు కమిటీల ముందు సాక్ష్యం చెప్పిన విలియం నిబ్ పుట్టిందీ ఈ ఊళ్లోనే. ప్రభుత్వ చర్చిని ఒప్పుకోనందుకు ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా అందుకోవడానికి అర్హత లేని అసమ్మతివాదుల నుంచి ఇంత పని జరిగింది.

మధ్యయుగపు శిఖరం పోతే మళ్లీ రాదనీ, పందొమ్మిదో శతాబ్దపు చాపెళ్లు ఊరూరా ఒకే మూసలో ఉన్నాయనీ, సభ్యులు తగ్గిపోయిన చోట వాటిని ఇళ్లుగా మార్చుకుంటే నష్టమేమిటనీ అడిగేవారున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా ఇది భవనానికి ధర కట్టే పద్ధతే తప్ప చరిత్రకు ధర కట్టే పద్ధతి కాదు.

ఆ తేడా సంస్థల్లోనే కనిపిస్తుంది. ఆరాధన ఆగిపోయిన ఆంగ్లికన్ చర్చిల కోసం, అంటే ప్రభుత్వ చర్చి భవనాల కోసం, 1969లో ఏర్పడిన నిధి నేటి చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్టుగా ఎదిగి 350కి పైగా కట్టడాలను చూసుకుంటున్నది. చాపెళ్ల కోసం హిస్టారిక్ చాపెల్స్ ట్రస్టు 1993 దాకా పుట్టనే లేదు, పుట్టాక కూడా దాని చేతికి వచ్చినవి ఇరవై దరిదాపుల్లోనే. రాజ్యం అండ ఉన్నవారి రాయి వారసత్వం అయింది, అండ లేనివారి ఇటుక మాత్రం స్థిరాస్తిగా మిగిలింది.

తెలుగువారికి ఇది పరాయి ఊరి గొడవ కాదు. ఆ మిషనరీ సొసైటీ తరఫున బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో కేరీ బృందం నడిపిన అచ్చుశాల 1812 మార్చిలో కాలిపోయి, ప్రాచ్య భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. ఆ కబురు అందగానే కెట్టరింగ్‌లోని ఫుల్లర్ బ్రిటన్ అంతటా చందాలకు పూనుకుని, రెండు నెలలు తిరక్కముందే సుమారు పది వేల పౌండ్లు కూడబెట్టాడు. ఆ డబ్బుతో మళ్లీ లేచిన అచ్చుశాల నుంచే 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడ్డాయి. బెంగాల్లో కూర్చుని పండితుల సాయంతో చేసిన పని కనుక అందులో లోపాలు ఉండటంలో వింత లేదు. మత ప్రచారమే వారి లక్ష్యమన్నదీ దాచవలసిన విషయం కాదు. అయినా తెలుగు అచ్చు చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం కూడా శిఖరాన్నే చూస్తాం. బ్రౌన్ పేరుతో మొదలుపెట్టి, బ్రౌన్ పేరుతోనే ముగిస్తాం. ఆయనకు దక్కిన గౌరవం న్యాయమైనదే. కానీ పది షిల్లింగుల చందాతో చదువుకున్న చెప్పులు కుట్టేవాడి వ్యాకరణం అచ్చయ్యేనాటికి బ్రౌన్ ఇంకా మద్రాసు రేవులో అడుగు పెట్టలేదు. ఆయన వచ్చింది మూడేళ్ల తరువాత, 1817లో.