ఫోన్‌లో ‘వేసుకోండి’ అంటే సరిపోదు

ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రం చేతికొచ్చాక గానీ తమ కథ సంకలనంలో చేరిందని తెలియని రచయితలు మన మధ్య ఉన్నారు. కథ మీద ప్రేమతోనే వేశామన్న సంజాయిషీ మాకు సమ్మతం కాదు. ‘ఫోన్ చేశాం, వేసుకోండి అన్నారు’ అన్న జవాబూ అంతే. కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

ఎవరిని అడగాలన్న దగ్గరే మొదటి తప్పు జరుగుతోంది. పత్రికలో వచ్చిన కథ కదా అని పత్రిక సంపాదకుణ్ణి అడిగి ఊరుకుంటారు. మా పత్రికలో అచ్చయిన కథయినా సరే, రచయిత మా ఉద్యోగి కాకపోతే, హక్కు మాకు రాసివ్వకపోతే, అది రచయితదే. అనువాద కథకైతే మూల రచయిత, అనువాదకుడు ఇద్దరి సంతకాలూ కావాలి. రచయిత జీవితకాలంలో అచ్చయిన కథలకు, ఆయన పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలకు 2021తో ఆ గడువు తీరింది. 1979లో పోయిన చలం కథలకు 2039 చివరిదాకా అడగాల్సిందే. వారసులు నలుగురుంటే పెద్దబ్బాయి సంతకంతో పని కానిచ్చేస్తారు. పుస్తకం వచ్చాక అతని చెల్లెలి నుంచి నోటీసు వస్తుంది.

అనుమతి పత్రం ఒక పేజీ చాలు. కథ పేరు, తొలిసారి అచ్చయిన పత్రిక, తేదీ (శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయంలో వెతికితే చాలావరకు దొరుకుతాయి), సంకలనం పేరు, ప్రచురణకర్త, ఎన్ని కాపీలు, పారితోషికం ఎంత, ఎప్పుడిస్తారు, రచయితకు ఉచిత ప్రతులెన్ని. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లే లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. డల్లాస్‌లోని తెలుగువారికి అమ్మాలనుకున్న పుస్తకం ఆ ఒక్క మాట లేక చిక్కులో పడుతుంది. ఈ-బుక్, ఆడియోలను విడిగా పేర్కొనాలి. ‘సమస్త హక్కులూ’ అన్న చోట సంతకం పెట్టవద్దని రచయితలకు మా సూచన.

కథ ఏ రూపాన్ని వేస్తారో కూడా తేల్చుకోవాలి. పత్రికలో వచ్చాక రచయిత మళ్లీ దిద్దుకుని ఉండవచ్చు. పేజీలు కలిసొస్తాయని పేరా ఎత్తేయడం, యాసను ‘సరిచేయడం’ ఘోరం. ‘ఒగ్గేసినాడు’ను డీటీపీలో ‘వదిలేశాడు’గా మారిస్తే ఆ పాత్ర నోరే మారిపోతుంది. తన పరువుకు భంగం కలిగించే మార్పులను అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ రచయితకిచ్చింది. అందుకే ప్రూఫు పంపి, పదిరోజులైనా గడువివ్వాలి. అనుమతి కోరిన ఉత్తరానికి జవాబు రాకపోతే మళ్లీ అడగాలి. అప్పటికీ రాకపోతే ఆ కథ పక్కనపెట్టి, మరో కథ వెతుక్కోవాలి.