యెహూదా షౌల్‌ను ద్రోహి అనేవాళ్ళకు

సైనికుడు చెప్పాడంటే ఇక ఎదురు మాట్లాడకూడదు అంటారు మనవాళ్ళు. ఇజ్రాయెల్‌లో కూడా సైన్యమంటే అంతే గౌరవం. మరి అదే సైన్యంలో పనిచేసిన యెహూదా షౌల్, పాలస్తీనీయుల మీద తాము చేసింది చెప్పడానికి నోరు విప్పగానే ద్రోహి అంటారే, ఆ గౌరవమంతా ఎటు పోతుంది? నా కోపం దీని మీదే.

షౌల్ జెరూసలేంలో మతనిష్ఠ గల యూదు కుటుంబంలో పుట్టాడు. 2001 నుంచి 2004 దాకా సైన్యంలో చేశాడు, అందులో ఏడాదికి పైగా హెబ్రాన్‌లోనే. ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లోని ఈ పెద్ద పాలస్తీనా నగరం నడిబొడ్డున కొన్ని వందల మంది యూదు సెటిలర్లు, అంటే ఆక్రమిత నేల మీదికి వచ్చి స్థిరపడినవాళ్ళు, ఉంటారు. 1997 ఒప్పందంలో నగరాన్ని రెండుగా చీల్చి, వాళ్ళున్న భాగాన్ని ఇజ్రాయెల్ సైన్యం చేతిలోనే ఉంచారు. వేలాది పాలస్తీనీయులు ఆ భాగంలోనే బతకాలి.

1994లో బరూక్ గోల్డ్‌స్టైన్ అనే సెటిలర్ ఇదే నగరంలోని ఇబ్రహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. చంపినవాడు సెటిలర్, ఆంక్షలు పడింది మాత్రం పాలస్తీనీయుల మీద! ప్రధాన బజారైన షుహదా వీధిలో వాళ్ళ దుకాణాలు మూతపడ్డాయి. 2000లో రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు, మొదలయ్యాక ఆ వీధిలో చాలా భాగం వాళ్ళు నడవడానికి కూడా వీల్లేకుండా పోయింది. వాకిలి వీధి వైపు ఉన్న కొన్ని కుటుంబాలు డాబాల మీదుగా, వెనక దారుల్లో బయటికి రావాల్సి వచ్చింది. సొంత ఇల్లు, సొంత గుమ్మం, అయినా కాలు బయట పెట్టకూడదు.

షౌల్ చేతికి ఇచ్చింది గ్రెనేడ్ మెషిన్‌గన్. గురి చూసి ఒక్కడినే కొట్టే ఆయుధం కాదది. జనం కాపురాలుండే అబూ స్నైనా పేట మీదికి దాన్ని పేల్చమన్నారు, పేల్చాడు. ఆ సంగతి తన పేరుతో, తన ముఖంతో చెబుతున్నాడు. అర్ధరాత్రి ఇళ్ళ తలుపులు కొట్టి, ఏ అనుమానమూ లేని కుటుంబాలను పిల్లలతో సహా లేపి నిలబెట్టిన సంగతి ఎంతోమంది సైనికులు చెప్పారు. సైన్యం ఇక్కడే ఉందని జనానికి ఎప్పుడూ గుర్తుండాలట, అందుకే ఆ సోదాలు.

2004 జూన్‌లో షౌల్, అతని తోటివాళ్ళు టెల్ అవీవ్‌లో ఫోటోల ప్రదర్శన పెట్టారు. పాలస్తీనీయుల దగ్గర సైనికులు లాక్కున్న కారు తాళాలు కూడా అక్కడ ఉంచారు. మిలిటరీ పోలీసులు వచ్చిపడ్డారు. సైనికుల సాక్ష్యాలు సేకరించే 'బ్రేకింగ్ ది సైలెన్స్' (మౌనాన్ని ఛేదించడం) సంస్థ అలా మొదలైంది. వెయ్యి మందికి పైగా సైనికులు దానికి సాక్ష్యం ఇచ్చారు. 2017లో జర్మనీ విదేశాంగ మంత్రి ఈ సంస్థ వాళ్ళను కలుస్తానన్నందుకు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఆయనతో భేటీనే రద్దు చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఇలాంటి సంస్థలను బడుల్లోకి రానివ్వకుండా చట్టం తెచ్చారు. పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో చేర్చుకుని తుపాకీ ఇస్తారు, ఆ తుపాకీతో ఏం చేయాల్సి వస్తుందో పదిహేడేళ్ళ పిల్లలకు చెప్పనివ్వరు.

ఇంకో బాధ కూడా ఉంది. హెబ్రాన్ ఆడవాళ్ళు, దుకాణదారులు ఏళ్ళ తరబడి ఇదే మొత్తుకున్నారు. ఎవరూ నమ్మలేదు. తలుపు కొట్టినవాడు వచ్చి ఒప్పుకుంటేనే నమ్మారు. ఇందులో షౌల్ తప్పు లేదు, వినేవాళ్ళదే ఉంది.

ఆత్మాహుతి దాడుల మాటేమిటి అని అడుగుతారు. అడగాల్సిందే. బస్సుల్లో, హోటళ్ళలో మామూలు జనం చచ్చిపోయారు. షౌల్ యూనిఫాం వేసుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. కానీ బస్సులో బాంబును ఆపడానికీ, షుహదా వీధిలో ఒక ముసలామెను తన గుమ్మం దాటనివ్వకపోవడానికీ ఏమిటి సంబంధం? అతన్ని ద్రోహి అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పండి.