భాష పేరు చెప్పి యుద్ధమా?

(ఉక్రెయిన్ మంటకు మూలం అక్కడి భాషా చట్టాలేనని మామయ్య వాదన. ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివొచ్చిన మేనకోడలు ఒప్పుకోదు.)

మామయ్య: చూడమ్మా, 2014 ఫిబ్రవరి 22న అధ్యక్షుడు యనుకోవిచ్ కీవ్ వదిలి పారిపోయాడని తేలింది. మర్నాడే అక్కడి పార్లమెంటు ఏం చేసింది? రష్యన్‌కు ప్రాంతీయ భాష హోదా ఇచ్చిన 2012 చట్టాన్ని రద్దు చేస్తూ ఓటేసింది. దేశం తగలబడుతుంటే అంత తొందరేమొచ్చింది?

మేనకోడలు: తాత్కాలిక అధ్యక్షుడు తుర్చినోవ్ సంతకం పెట్టలేదుగా మామయ్యా. చట్టం చెక్కుచెదరలేదు.

మామయ్య: సంతకం సంగతి ఎవరికి పట్టింది? వార్త టీవీలో వచ్చేసింది. రష్యన్ మాట్లాడేవాళ్లే ఎక్కువున్న ఉక్రెయిన్ ద్వీపకల్పం క్రిమియాలో జనానికి అది చాలదూ?

మేనకోడలు: నాలుగు రోజులకే, 27న, గుర్తుల్లేని యూనిఫాంలతో సాయుధులు క్రిమియా రాజధాని సింఫరోపోల్‌లో అక్కడి ప్రాంతీయ పార్లమెంటు భవనాన్ని పట్టుకున్నారు. ఒక్క ఓటింగు చూసి నాలుగు రోజుల్లో అంత రష్యా బలగం దిగుతుందా? దొరికింది సాకు, అంతే. ఇక భాష అంటారా, ఖార్కివ్ మెట్రోలో అనౌన్స్‌మెంట్లు ఉక్రెయినియన్‌లో వచ్చేవి, బోగీలో కబుర్లన్నీ రష్యన్‌లో. వార్డులో పేషెంటు కడుపునొప్పి చెప్పుకునేదీ రష్యన్‌లోనే. మేం కష్టపడి నేర్చుకుంది అందుకే. 2022లో ఆ ఊరి మీదే రష్యా బాంబులేసింది, రష్యన్ మాట్లాడేవాళ్లను కాపాడ్డానికట! జెలెన్‌స్కీ కూడా రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాడే.

మామయ్య: పుతిన్‌ను నేను వెనకేసుకు రావడం లేదు. రెండు దేశాల వాళ్లూ ఒకే జాతి అని 2021లో ఆయన రాసిన వ్యాసం వట్టి దబాయింపు.

మేనకోడలు: ఆ దబాయింపు కొత్తదా? 1876లో రష్యా చక్రవర్తి జారు ఉక్రెయినియన్ పుస్తకాల అచ్చును చాలావరకు నిషేధించాడు. అయినా భాష ఒకటైతే రాజ్యమూ ఒకటే కావాలా? మీరన్న ఆ ఫిబ్రవరి వారంలోనే మన విభజన బిల్లు ఢిల్లీలో పాసైంది.

మామయ్య: ఆ గొడవ ఇప్పుడెందుకులే. 1876 నాటి కసి 2020లో బడిపిల్లల మీద తీర్చుకుంటారా? రష్యన్ మీడియం బడుల్లో ఐదో తరగతి నుంచి చదువు దాదాపు ఉక్రెయినియన్‌లోకి మార్చేశారు.

మేనకోడలు: అది నాకూ నచ్చలేదు. కానీ అది వాళ్ల ఇంటి తగాదా. పార్లమెంటులోనో కోర్టులోనో తేల్చుకోవాలి.

మామయ్య: కోర్టా? 2018లో ఆ 2012 చట్టాన్ని కొట్టేసింది రాజ్యాంగ కోర్టే కదా!

మేనకోడలు: దాన్ని పాస్ చేసిన పద్ధతి సరిగా లేదని కొట్టేసింది.

మామయ్య: కారణమేదైతేనేం, రష్యన్‌కు ఉన్న హోదా పోయిందా లేదా?