తామర ట్యూబు అడిగేవాళ్లకూ, అడిగిందే తడవుగా ఇచ్చేవాళ్లకూ

మా కర్నూల్లో ఎండలు తగ్గి నాలుగు వానలు పడేసరికి మెడికల్ షాపుల దగ్గర ఒక గుసగుస బేరం జోరందుకుంటుంది. మనిషి వస్తాడు, పక్కన తెలిసినవాళ్లెవరూ లేరని ఒకసారి చూసుకుంటాడు, గొంతు తగ్గించి "అన్నా, దురదకు ఏదన్నా ట్యూబు ఇయ్యి" అంటాడు. ఎక్కడ దురద అని షాపాయన అడగడు, అడిగినా ఈయన చెప్పడు. డబ్బా మీద పేరు కూడా చదవకుండా జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. ఇద్దరికీ మొహమాటం లేకుండా అర నిమిషంలో పని అయిపోతుంది. నాకు ఒళ్లు మండేది ఆ అర నిమిషం గురించే, అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక లేనివాళ్లు కనీసం మీ ఇంట్లో ఉన్న ట్యూబు వెనకాల అక్షరాలన్నా చదవండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. మందులు రాయను, రాయకూడదు. కానీ డాక్టర్లు పంపినవాళ్ల చర్మం గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పనిలో భాగం. తామర మచ్చ చూశారు కదా, గుండ్రంగా, మధ్యలో మామూలుగా, అంచు మాత్రం ఎర్రగా కాస్త లేచి ఉంటుంది. ఫంగస్ చురుగ్గా పాకుతుండేది ఆ అంచులోనే. అందుకే మొద్దు బ్లేడుతో అంచునే మెల్లగా గీకుతాం, పిండిలాగా పొట్టు రాలుతుంది. దాన్ని గాజు స్లైడు మీద వేసి ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, పైన కవర్ స్లిప్ పెట్టి, కొంచెం వెచ్చబెట్టి కాసేపు ఆగాలి. చర్మం కణాలు కరిగి పల్చబడతాయి, ఫంగస్ మాత్రం కరగదు. అప్పుడు చూస్తే సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా చీలి, ఆ కణాల మధ్యనుంచి అడ్డదిడ్డంగా పోతుంటాయి. ఇంత చిన్న పరీక్ష. పెద్ద మిషన్లు అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, నొప్పి ఉండదు.

ఇక ఆ గుసగుస ట్యూబు నెలల తరబడి పూసుకుని వచ్చినవాళ్ల స్లైడు చూడాలి. చాలాసార్లు పైన చర్మం మీద ఎరుపు పెద్దగా ఉండదు, గుండ్రటి ఆకారం కూడా చెదిరిపోయి ఉంటుంది, ఇది తామరేనా అని అనుమానం వస్తుంది. లెన్సులో చూస్తే దారాలు కిక్కిరిసి ఉంటాయి.

ఎందుకంటే ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందు ఒక్కటే ఉండదు. ఫంగస్‌కు ఒకటి, బాక్టీరియాకు ఒకటో రెండో, వాటితో పాటు క్లోబెటసాల్ లేకపోతే బీటామెథసోన్ అనే స్టెరాయిడ్. దురద, మంట, ఎరుపు ఇవన్నీ చాలావరకు మన ఒళ్లు ఫంగస్‌తో చేసే పోట్లాట వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోట్లాటను ఆపేస్తుంది. వాకిట్లో అరిచే కుక్క నోరు కట్టేసి, అరుపు ఆగింది కాబట్టి దొంగ వెళ్లిపోయాడని పడుకున్నట్టు. ఒకటి రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, "భలే మందన్నా" అని పక్కింటాయనకు కూడా పేరు చెప్తాడు. మానేసిన కొన్నాళ్లకే రెండింతలు వస్తుంది, మళ్లీ అదే ట్యూబు. ఈ లోపల నడుం చుట్టూ, పిరుదులకు, కడుపు మీదికి పాకేసి ఉంటుంది. గజ్జల్లో, తొడల లోపలివైపు చర్మం పల్చబడి చీలినట్టు చారలు పడతాయి. తామర తగ్గించొచ్చు గానీ ఆ చారలు పూర్తిగా పోయేవి కావు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. స్టెరాయిడ్ పూతతో రూపం మారిపోయి గుర్తుపట్టలేకుండా తయారయ్యే తామరకు 1968లోనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని పేరు పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ ఎవరు అడుగుతున్నారు చెప్పండి? షాపుల్లో ఉండేవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. ఆయన ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు, ఆయన బాధ ఆయనది. కానీ జ్వరం బిళ్ల అడిగితే "ఎన్ని రోజులైంది, పిల్లోనికా పెద్దోళ్లకా" అని పది ప్రశ్నలడిగే అదే మనిషి, దురద అనగానే నోరు మూసుకుని డబ్బా తీసిచ్చేస్తాడే, అక్కడ నాకు కోపం.

ఫలితం ఏమైందంటే, మామూలు మందులకు లొంగని తామర తయారైంది. 2020లో జపాన్ పరిశోధకులు దాన్ని తెచ్చే ఫంగస్‌కు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, వాళ్లు పరీక్షించిన రోగులు ఇండియా, నేపాల్ వాళ్లు. తామరకు మొదట రాసే టెర్బినాఫిన్ చాలామందిలో దీని మీద పనిచేయదు, ఫంగస్ జన్యువులోనే మార్పు వచ్చేసింది. 2023లో న్యూయార్క్‌లో కూడా కనిపించిందని అక్కడి ఆరోగ్య శాఖ వాళ్లు ప్రకటించారు. ఒకప్పుడు కొన్ని వారాలు పూత రాస్తే పోయే జబ్బుకు ఇప్పుడు నెలల తరబడి బిళ్లలు మింగాల్సి వస్తోంది. ఇలా కావడానికి విచ్చలవిడి స్టెరాయిడ్ పూతలు ఒక ముఖ్య కారణమని చర్మ డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు.

సరే, డాక్టరు దగ్గరికి ఎందుకు పోరు? డబ్బులు అంటారు. జనరల్ ఆసుపత్రిలో చర్మ వ్యాధుల ఓపీ ఉంది, అక్కడ ఫీజు లేదు కదా. అసలు సంగతి సిగ్గు. గజ్జల్లో వచ్చింది, రొమ్ముల కింద వచ్చింది, బట్ట ఎత్తి చూపించాలి. మగవాళ్లయితే అదేదో తప్పు పని చేస్తే వచ్చిందనుకుంటారేమోనని భయం. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం, పెళ్లయి పిల్లలున్న ఆడమనిషి కూడా మొగుడికి చెప్పుకోలేక, తెల్లబట్ట పెరుగు విరిగినట్టు అవుతున్నా, మంటతో కూర్చోలేకపోతున్నా, వేపాకు నీళ్లతో కడుక్కుంటూ కాలం గడుపుతుంది. అది చాలాసార్లు కాండిడా అనే ఇంకో రకం ఫంగస్, సరైన మందు పడితే కొద్ది రోజుల్లోనే నయమవుతుంది. శుభ్రంగా లేకపోతేనే వస్తుందనేది కూడా అబద్ధం. యాంటీబయాటిక్ కోర్సు వాడిన తర్వాత రావచ్చు, కడుపుతో ఉన్నప్పుడు రావచ్చు, షుగర్ ఉంటే రావచ్చు.

షుగర్ అంటే గుర్తొచ్చింది. మాటిమాటికీ అక్కడ దురద, మగవాళ్లలో అంగం ముందు చర్మం పగలడం, వేళ్ల సందులు, రొమ్ముల కింద ఒరుసుకుపోవడం ఇవి తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ చర్మంతో పాటు రక్తం కూడా పరీక్ష చేయించాలి. తనకు షుగర్ ఉన్నట్టే తెలియని మనిషి దురద కోసం వచ్చి, షుగర్ రిపోర్టు పట్టుకుని బెంచీ మీద కూలబడిపోవడం మా ల్యాబులో మామూలే.

ఇంకొకటి, ఇంట్లో ఒక్కరికే మందు వాడితే లాభం లేదు. భార్యాభర్తలు, పిల్లలు అందరూ ఒకటే టవలు, ఒకటే సబ్బు, ఒకే దుప్పటి. ఇతను తగ్గించుకుంటాడు, ఆమె దగ్గర్నుంచి మళ్లీ అంటుకుంటుంది. పైగా మొలతాడు! నల్లటి దారం, చెమటకు నాని, ఏళ్ల తరబడి మార్చకుండా నడుముకు అంటిపెట్టుకుని ఉంటుంది, ఫంగస్‌కు అంతకంటే మంచి కాపురం ఏముంటుంది? నడుం చుట్టూ దారం ఎక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా ఆ గీత వెంబడే మచ్చలు వరసకట్టినవాళ్లను చూశాను. తీసేయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. తీయకపోతే పోనీ, కనీసం మార్చండి, జబ్బు తగ్గేదాకా వెండిదన్నా వేసుకోండి. మా ఊరి ఎండకు బిగుతు జీన్సు వేసుకుని రోజంతా బండి మీద తిరిగే కుర్రాళ్లకు చెప్పినా వినరు కాబట్టి వాళ్ల గురించి రాయడం దండగ.

బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిష్ పనికి పోయేవాళ్ల కాళ్లు ఎప్పుడన్నా చూశారా? పొద్దంతా నీళ్లలో, రాతి బురదలో నిలబడాలి. చివరి రెండు వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని, పొరలుగా ఊడి, కింద ఎర్రగా పచ్చిగా ఉంటుంది, వాసన. దాన్ని వాళ్లు జబ్బు కింద లెక్కే వేయరు, "నీళ్లకు పాసింది సార్" అంటారు. ఆ చీలికలోంచి బాక్టీరియా పోయి కాలు వాస్తేనే ఆసుపత్రికి వస్తారు, షుగర్ ఉన్నవాళ్లకైతే అది కాలు మీదికొచ్చే వ్యవహారం. అంట్లు తోమీ బట్టలు ఉతికీ గోరు మూల వాచిపోయే ఆడవాళ్ల కథా దాదాపు ఇదే, రోజంతా తడి.

పిల్లల తలలో వచ్చేది ఇంకో రకం. మొన్న ఒకామె కూతుర్ని తీసుకొచ్చింది, తలలో రూపాయి బిళ్లంత జాగాలో వెంట్రుకలు లేవు. "పేనుకొరుకుడు సార్, మందారాకు రుద్దినాం, పోలేదు" అంది. పేనుకొరుకుడైతే అక్కడ చర్మం సాధారణంగా నున్నగా ఉంటుంది, పొట్టు లేవదు. ఈ పాపకు పొట్టు ఉంది, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్లచుక్కల్లా ఉన్నాయి. తామరే, తలలో. దీనికి ఒట్టి పూత సరిపోదు, వేరు లోపలిదాకా ఫంగస్ ఉంటుంది, నోట్లోకి మందు పడాల్సిందే. హాస్టల్ పిల్లల దువ్వెనలు, టోపీలు, ఇంట్లో కుక్కపిల్లలు, పిల్లికూనలు కూడా దీన్ని అంటిస్తాయి.

శోభి మచ్చల గురించి మాత్రం ఊరికే భయపడతారు. మెడ మీద, వీపు మీద, ఛాతీ మీద తెల్లతెల్లగా, గోకితే సన్నటి పొట్టు. బొల్లి వచ్చిందని ఆడపిల్ల తల్లి ఏడుస్తుంది. ఆ ఫంగస్ మనందరి చర్మం మీదా ఉండేదే, చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు రెచ్చిపోతుంది. మందుకు ఫంగస్ చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, అది తెలియక మందు పనిచేయలేదని డాక్టర్లను మారుస్తుంటారు.

కంటి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వేరుశనగ పీకేటప్పుడో, జొన్న కోసేటప్పుడో, ఆకో ఈనో కంట్లో గీసుకుంటుంది. కన్ను ఎర్రబడుతుంది, నీళ్లు కారతాయి. అప్పుడు కూడా మనోళ్లు చేసే పని అదే, షాపుకి పోయి "కంటికి చుక్కలమందు ఇయ్యన్నా". ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు కట్టి ఉంటే, ఎరుపు తగ్గినట్టే ఉండి లోపల కరుగుతూ పోతుంది. చర్మం మీద అయితే చారలతో పోతుంది, ఇక్కడ చూపు పోతుంది. చెట్టూ చేమా తగిలిన కన్ను ఎర్రబడితే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. దీంట్లో వెనకాముందూ ఆలోచించేది ఏమీ లేదు.

2021లో బ్లాక్ ఫంగస్ అని ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లు పట్టి తిరిగారు, మన రాష్ట్రంలో దాన్ని ఆరోగ్యశ్రీలో కూడా చేర్చారు. అదుపులో లేని షుగర్, దాని మీద కోవిడ్ కోసం వాడిన స్టెరాయిడ్లు, ఈ రెండూ కలిసి అంత పని చేశాయని ప్రతి టీవీలో చెప్పారు. నిజానికి అది మనిషి నుంచి మనిషికి అంటేదే కాదు, మట్టిలో గాలిలో ఎప్పుడూ ఉండే బూజే. అయినా వాట్సాప్‌లో ఫార్వర్డులు చూసి ఇంట్లో ఉల్లిపాయల మీద నల్లమచ్చలు కూడా గీకి పారేశాం. మా ఊళ్లో, ఉల్లిగడ్డల మార్కెట్ ఉన్న ఊళ్లో! అప్పుడు స్టెరాయిడ్ అనే మాటకే వణికినవాళ్లు ఇప్పుడు దాన్నే పొద్దున స్నానం చేసి ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఒంటికి రుద్దుకుంటున్నారు.

ఇంత రాసినాక కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు. "అన్నా ఇంతకీ ఏ ట్యూబు మంచిది?" చెప్పను. ఇన్‌బాక్స్‌లో ఫొటోలు పంపొద్దు, పోయినసారి శోభి గురించి రెండు ముక్కలు రాస్తే వచ్చిన ఫొటోలు చూడలేక ఫోను మా ఆవిడకు కనబడకుండా దాచుకోవాల్సి వచ్చింది. నాకు, ముక్కూ మొహం తెలియనివాడికి, ఆ ఫొటో పంపగలిగినోళ్లు డాక్టరు ముందు రెండు నిమిషాలు చూపించలేరా? పోయేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి, ఖాళీవైనా సరే. డాక్టరు ముందు అవే అడుగుతారు. స్టెరాయిడ్ ఏళ్ల తరబడి పూసినవాళ్లు ఉన్నపళంగా మానేస్తే మంట రేగుతుంది, అది ఎలా ఆపాలో కూడా ఆయన్నే అడగండి. పరీక్ష రాస్తే ఏ ల్యాబుకైనా రండి, ముందు రోజుల్లో ఆ మచ్చ మీద ఏదీ పూసుకోకుండా రండి చాలు. పౌడరు కూడా వద్దు, గీకితే అదే వస్తుంది.