ఎదుటివాని నమ్మకం మీద దెబ్బ

(వేదిక హనుమకొండ. ఒక దిక్కు సైన్యంలో పనిచేసి రిటైరైన సుబేదార్, ఇంకో దిక్కు చరిత్ర లెక్చరర్. వాదనకు పెట్టుకున్న మాట: "యుద్ధ ప్రణాళికలో ఆకస్మిక దాడి, మోసం అన్నిటికన్నా ముఖ్యం." సుబేదార్ అవునంటడు, లెక్చరర్ కాదంటడు.)

సుబేదార్: 1942లో ఈజిప్టుల బ్రిటిష్, జర్మన్ సేనలు తలపడ్డ ఎల్ అలమీన్ తీసుకుందాం సార్. చెట్టూ పుట్టా లేని ఎడారి. పైనుంచి విమానం ఫొటో తీస్తే లారీ చక్రాల జాడ కూడా కనబడ్తది. అసొంటి చోట దాడి వస్తుందనే సంగతి దాచుడు అయ్యే పని కాదు. అందుకని బ్రిటిష్ వాళ్లు ఎక్కడ, ఎప్పుడు అన్న రెండు లెక్కలే తప్పించిండ్రు. అసలు దాడి ఉత్తరాన. అక్కడ లారీలు ముందుగాలనే తెచ్చి నిలబెట్టిండ్రు. జర్మన్ ఫొటోలల్ల రోజూ అవే లారీలు కనబడి అలవాటైపోయినయి. దాడి దగ్గరపడ్డంక ట్యాంకులు రాత్రిపూట వచ్చి లారీ ఆకారంలో కట్టిన గుడ్డ కప్పుల కింద దూరినయి. ట్యాంకు లేచిపోయిన చోట అదే రాత్రి డమ్మీ నిలబడాలె. ట్రాకుల గుర్తులు తెల్లారకముందే చెరిగిపోవాలె. వీటిల్ల ఏ ఒక్కటి తప్పినా పొద్దుటి ఫొటో అంతా బయటపెడ్తది.

లెక్చరర్: దక్షిణాన వేసిన పైపులైను కూడా చెప్పుండ్రి. తెలివంతా అక్కడే ఉన్నది.

సుబేదార్: నీళ్ల పైపు వేస్తున్నట్టు దక్షిణం దిక్కు కందకం తవ్విండ్రు. పాత పెట్రోలు డబ్బాలు నలగ్గొట్టి, పైపు లెక్క కనబడేటట్టు పగలంతా కందకం పక్కన పరిచిండ్రు. రాత్రి కందకం పూడ్చి, అవే డబ్బాలు ఎత్తుకపోయి తర్వాతి ముక్క పక్కన పరిచిండ్రు. ఐదు మైళ్ల సరుకుతోని ఇరవై మైళ్ల పైపు చూపించిండ్రన్నట్టు. ఆ పని వేగం లెక్కేసినోనికి అది నవంబర్‌లగాని పూర్తికాదు. దాడి అక్టోబర్ 23 రాత్రే మొదలైంది. అప్పుడు జర్మన్ సేనాని రోమెల్ వైద్యానికి పోయి యూరప్‌ల ఉన్నడు.

లెక్చరర్: బాగానే ఉంది, కానీ ఆ తర్వాత గెలవడానికి పన్నెండు రోజులు పట్టింది సుబేదార్ సాబ్. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి బ్రిటిష్ వైపు సుమారు 13,500 మంది. పైపులైను చూపించి మందుపాతరలను మోసం చేయలేం కదా. పాతరలు తీసే సైనికులు, సాపర్లు, నేలమీద వంగి ఒక్కో పాతర ఏరితేనే బాట పడింది. ఆ బాటలు ఇరుకై ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయినయి. బ్రిటిష్ వాళ్ల దగ్గర దాదాపు వెయ్యి ట్యాంకులుంటే, ఎదుట ఐదువందల పైచిలుకు. గెలిపించింది ఆ తేడా.

సుబేదార్: కావచ్చు. కానీ మొదటి రెండు మూడు రోజులు జర్మన్ల ట్యాంకుల దళం 21వ పాంజర్ డివిజన్ దక్షిణాన్నే కూర్చున్నది. మీరు చెప్పిన ఆ ఇరుకు బాటల మీద అది మొదటి రాత్రే వచ్చి పడి ఉంటే? మోసంతోని వచ్చేది టైము. యుద్ధంల టైము ఎక్కడా కొనుక్కునేందుకు దొరకదు.

లెక్చరర్: మన ఓరుగల్లుకు వద్దాం. 1321లో మొదలైన ముట్టడిలో ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్‌ఖాన్ కోట మీద పడ్డాడు. లోపల రాతి గోడ, నలభై ఐదు బురుజులు, అగడ్త, బయట మట్టికోట. ఇంతలో ఢిల్లీ నుంచి టపా రావడం ఆగిపోయింది. సుల్తాన్ చనిపోయాడని శిబిరంలో పుకారు లేచింది. అమీర్లు విడిపోయి సైన్యం దేవగిరి దిక్కు పారిపోయింది. దీన్ని ప్రతాపరుద్రుడి పక్షం పన్నలేదు. పుకారు వాళ్ల శిబిరంలోనే పుట్టింది. ఫలితం చూడండి: ముట్టడి లేచింది, కానీ కొద్ది నెలలకే ఉలుగ్‌ఖాన్ కొత్త బలగంతో దేవగిరి నుంచి బయల్దేరి, దారిలో బీదర్ పట్టుకొని మళ్లీ వచ్చాడు. ఈలోపు ఇక్కడ గెలిచామనుకొని విందులు చేసి, ధాన్యపు కొట్లు తెరిచేశారని చెప్తారు. 1323లో కోట పడిపోయింది. ఎదుటివాడి గందరగోళం ఎంత మేలు చేసినా కొట్లో గింజలు లేకపోతే ఏం లాభం?

సుబేదార్: సార్, మీరు చెప్పింది నా వాదానికే బలం. "యుద్ధం అయిపోయింది" అని ప్రతాపరుద్రుడు తనంతట తనే నమ్మిండు. రెండోసారి ఉలుగ్‌ఖాన్‌కు వేరే ఎత్తు అక్కర్లేకపోయింది. మంచి ప్లానర్ కొత్త నమ్మకం పుట్టించడు, ఉన్నదాన్నే గట్టిపరుస్తడు. 1944ల జర్మన్లు దాడి ఫ్రాన్స్ తీరంల కాలే అనే ఊరి దగ్గర వస్తదని ముందునుంచే అనుకున్నరు. మిత్రపక్షాలు ఆగ్నేయ ఇంగ్లండ్‌ల అమెరికా జనరల్ ప్యాటన్ పేరు మీద లేని సైన్యాన్ని చూపించి ఆ అనుమానాన్నే పెంచినయి. పద్ధతి చెప్త వినుండ్రి. ముందు నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో తేల్చుకోవాలె. ఆయన ఏమి అనుకోవాలె అన్నది తర్వాత; ఆయన ఏ బలగాన్ని ఎక్కడ ఆపి ఉంచాలె అన్నది ముందు రాసుకోవాలె. కబురు ముక్కలు ముక్కలుగా, వేర్వేరు దారుల్ల పంపాలె. కలిపే పని ఆయనకే వదలాలె, తను కలిపిందాన్ని మనిషి తొందరగ వదులుకోడు.

లెక్చరర్: ఆ దారుల్లో ఒకటి మీరు మరిచారు, తిరుగు దారి. ఎదుటివాడు నమ్మాడా లేదా అని తెలియకపోతే అదంతా చీకట్లో రాయి వేయడమే. జర్మనీ బ్రిటన్‌కు పంపిన గూఢచారులు అప్పటికి బ్రిటిష్ చేతుల్లో ఉన్నారు, జర్మన్ సంకేత సందేశాలను బ్రిటిష్ వాళ్లు చదువుతున్నారు. ఆ రెండూ ఎన్ని సైన్యాలకు ఉంటాయి?

సుబేదార్: అన్నిసార్లు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. 1971 పాకిస్తాన్ యుద్ధంల మన విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ దిక్కు దాచి, విశాఖ ముందర ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ లెక్క రేడియో సందేశాలు పంపించిండ్రు. ఊళ్లె పెద్ద ఓడకు సరిపోయేటంత రేషన్ ఆర్డర్ పెట్టిండ్రు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వచ్చి విశాఖ ముందర్నే కాపుకాసింది.

లెక్చరర్: అది మునిగిన కారణం మీద ఇప్పటికీ రెండు వాదనలున్నాయి. మనం నీళ్లలో పేలే బాంబులు, డెప్త్‌చార్జీలన్నాం, వాళ్లు లోపలి ప్రమాదమన్నారు.

సుబేదార్: ఎట్ల మునిగిందనేది పక్కన పెట్టుండ్రి. మునగకున్నా అది ఉన్నది విశాఖ దగ్గర. డిసెంబర్ 4న విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌ల ఉన్న కాక్స్ బజార్ మీద దాడి చేసినయి. మోసం పని అక్కడికి పూర్తి.

లెక్చరర్: ఆకస్మిక దాడికి ఉన్న హద్దు కూడా చెప్పుకోవాలి. 1973 అక్టోబర్ 6న ఈజిప్టు ఇజ్రాయెల్ మీద దాడికి సూయజ్ కాలువ దాటింది. ఇసుక కట్టను నీళ్ల పంపులతో కోసి బాటలు తీసింది. పదే పదే విన్యాసాలు చేసి ఇజ్రాయెల్‌కు అలవాటు చేశారు. మే నెలలో ఒకసారి సేనలు కూడగట్టి ఏమీ జరగకపోయేసరికి ఇజ్రాయెల్ అక్టోబర్‌లో తటపటాయించింది. ఇంత బాగా కుదిరినా అక్టోబర్ 14న విమానాల నుంచి కాపాడే తమ క్షిపణుల గొడుగు దాటి ముందుకు పోగానే ఈజిప్టు ఒక్కరోజులో 200కు పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. మన కార్గిల్ కూడా అంతే. చలికాలం ఖాళీగా ఉన్న పోస్టుల్లోకి వచ్చి పాకిస్తాన్ మనల్ని పూర్తిగా ఏమరుపాటున పట్టుకుంది. తర్వాత ఏం చేయాలన్నది మాత్రం వాళ్ల దగ్గర లేదు. కొండమీదికి సరుకు, తూటాలు సరిగ్గా చేరక ఇబ్బంది పడ్డారు, చివరికి వెనక్కి పోయారు.

సుబేదార్: ఆ కార్గిల్‌లనే టైగర్ హిల్ చూడుండ్రి. 8 సిక్కు పటాలం మిగతా దిక్కులనుంచి ఒత్తిడి పెట్టింది, ఎవరూ ఎక్కరనుకున్న నిట్రంగా ఉన్న కొండ ముఖం నుంచి 18 గ్రెనెడియర్స్ పటాలం ఎక్కింది. అయితే పైకి పోయిన చిన్న టోలీకి సాయం టైముకు అందాలె. అందకుంటే వాళ్లు పైన చిక్కినట్టే. మీ మాటల్ల ఈ ఒక్క దాంట్ల పూర్తి న్యాయం ఉన్నది.

లెక్చరర్: ఇప్పుడు ఉపగ్రహాలు, డ్రోన్లు ఉన్నాయి. డబ్బాల పైపు ఎవరు నమ్ముతారు?

సుబేదార్: ఒక్క ఆకారం చాలదు, నిజం. ఉష్ణ కెమెరాకు ఇంజన్ వేడి కనబడాలె, రేడియో మాట్లాడాలె, లారీలు వచ్చిపోవాలె. ఉక్రెయిన్ చెక్కతోని చేసిన హిమార్స్ (రాకెట్లు వేసే లారీ) డమ్మీల మీద రష్యా ఖరీదైన క్షిపణులు వేసింది. కాకుంటే డమ్మీని బతికించేటందుకు అక్కడ మనుషులుండాలె, జనరేటర్ నడపాలె, గుర్తులు మార్చాలె. దెబ్బ పడేది వాళ్ల దగ్గరనే.

లెక్చరర్: అదే నేనడుగుతున్నది. వాళ్ల గురించి ప్రణాళికలో ఎక్కడ రాస్తారు?

సుబేదార్: మొట్టమొదటి పేజీల రాయాలె సార్. ముందు వాళ్ల బంకర్ తవ్వాలె, జనరేటర్‌ను దూరంనుంచి నడిపే తీగ లాగాలె, అప్పుడు డమ్మీ నిలబెట్టాలె.